చాటుగా మింగిన మాత్రకు సెలవు దొరకదు

ఈ సంగతి బులెటిన్‌లో రాయాలా అని మన కమిటీలోనే ఇద్దరు ముగ్గురు పెద్దలు నసిగారు. రాయాల్సిందేనని మేము పట్టుబట్టాం. ఎందుకంటే నైట్ పాళీలో కండెలు చుడుతూ కళ్ళు తిరిగి పడిపోయిన చెల్లెల్ని ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తింది మేమే. గర్భం పోవడానికి మెడికల్ షాపులో మాత్రలు కొని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మింగి, మర్నాడు డ్యూటీకి వచ్చింది. రక్తం ఎక్కించాక బతికింది. ఆమె పేరు, మిల్లు పేరు రాయం.

తప్పు మాత్రది కాదు. మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కు 2002లో అనుమతి వచ్చింది. దానితో పాటు ఒకటి రెండు రోజుల తరువాత వాడే మిసోప్రోస్టాల్‌ను కలిపి ఒకే ప్యాకెట్‌గా 2008 నుంచి అమ్ముతున్నారు. డాక్టరు చూసి ఇస్తే ఇది భద్రమైన మందే. కానీ 2015లో దేశంలో జరిగిన 1 కోటి 56 లక్షల గర్భస్రావాలలో నూటికి 73 ఆసుపత్రుల బయట, మాత్రలతోనే జరిగాయని పరిశోధకుల లెక్క. షోలాపూర్, భివండీ పేటల్లో సాయంత్రం పూట మెడికల్ షాపు దగ్గర నిలబడితే ఈ లెక్కలో ఆశ్చర్యమేమీ కనిపించదు.

షాపువాడు అడగనివి, డాక్టరు అడిగేవి కొన్ని ఉన్నాయి. మొదటిది రోజుల లెక్క. చట్టప్రకారం మాత్రలు తొమ్మిది వారాల లోపే. ఆ లెక్క చివరిసారి ముట్టయిన మొదటి రోజు నుంచి, గర్భం తెలిసిన రోజు నుంచి కాదు. రెండోది, గర్భం సంచిలో ఉందా, ట్యూబులో ఉందా అన్నది. ట్యూబులో ఉంటే ఈ మందు పనిచేయదు. రక్తం మాత్రం కనిపిస్తుంది కనుక పని అయిపోయిందనుకుంటాం. లోపల ట్యూబు పగిలితే గంటల్లో ప్రాణం పోవచ్చు. ఒకవైపే పొత్తికడుపు నొప్పి, భుజం నొప్పి, స్పృహ తప్పడం దాని గుర్తులు.

మూడోది మన ఆడవాళ్ళకు మరీ ముఖ్యం, ఒంట్లో రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత తేలింది. చాయ్, బన్నుతో పాళీ గడిపేవాళ్ళకు ఇది చెప్పాలా? రక్తం బాగా తక్కువున్నవాళ్ళు ఈ మాత్ర మింగకూడదు. దూదిదుమ్ముతో ఉబ్బసం వచ్చి చాలాకాలంగా స్టెరాయిడ్ బిళ్ళలు వాడేవాళ్ళు, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు కూడా వాడకూడదు. కాపర్-టి ఉంటే ముందు తీయించాలి. సిజేరియన్ అయినవాళ్ళు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

మింగాక గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడుస్తూ రెండు గంటలు గడిచినా, రెండో మందు వేసుకున్న మర్నాడు కూడా జ్వరం ఉన్నా, అసలు రక్తమే పడకపోయినా పాళీ సంగతి మరచి దవాఖానకు పోవాలి. కొందరికి మందు పనిచేయక గర్భం నిలిచిపోతుంది. అప్పుడు బిడ్డకు అవయవలోపాలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే రెండు వారాలకు తిరిగి చూపించుకోవాలి.

మరి మనవాళ్ళు డాక్టరు దగ్గరకు ఎందుకు పోరు? మొగుడి సంతకం అడుగుతారని భయం. 18 ఏళ్ళు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. పెళ్ళికాని పిల్లకు హక్కు లేదనేది ఇంకో అపోహ. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న పెళ్ళయినవాళ్ళకూ కానివాళ్ళకూ ఒకే హక్కని తేల్చింది. పేరు బయటపెట్టిన డాక్టరుకు 2021 సవరణ ప్రకారం శిక్ష ఉంది.

అసలు భయం కూలి పోతుందని. చట్టప్రకారం గర్భస్రావానికి ఆరు వారాల జీతంతో సెలవు ఉంది. 1961 ప్రసూతి చట్టంలో ఉన్న ఈ హక్కు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఈఎస్ఐలోనూ ఆరు వారాలే. కానీ ఆధారం చూపాలి. చాటుగా కొన్న మాత్రకు ఏ కాగితం ఉంటుంది? ఆ చెల్లెలు మర్నాడే కండెల దగ్గర నిలబడింది అందుకే.

కాగితం ఉన్నా చిక్కే. అది టైమాఫీసులో పడితే సాయంత్రానికి ఖాతా అంతా చెప్పుకుంటారు. ఈ సర్టిఫికెట్లు మూసిన కవరులో తీసుకోవాలని, వాటిని ఒక మహిళా ఉద్యోగి మాత్రమే చూడాలని యాజమాన్యాల ముందు పెట్టే కోర్కెల పత్రంలో మొదటి పేజీలోనే చేర్చబోతున్నాం. ఈఎస్ఐ కార్డే లేని సాంచాల కార్ఖానాల మాట ఆ తరువాత పేరాలో ఉంటుంది. నసిగిన పెద్దలు కూడా దానిమీద సంతకం పెట్టారు.