పెట్రోలు యంత్రం పోవాలి, పనివాడు మిగలాలి

వర్షాకాలం ముగిసే వేళకు సూరత్ ప్రాంతంలో రైలు పట్టాల పక్కన, ఉద్యోగుల క్వార్టర్ల ఆవరణలలో గడ్డి మోకాలి ఎత్తున పెరుగుతుంది. సంఘం పనిమీద ఆ నగరానికి వెళ్ళినపుడు ఒక క్వార్టర్ల సముదాయంలో పెట్రోలు గడ్డికోత యంత్రపు మోతకు మేము తెల్లవారుజామునే మేల్కొన్నాము. ఆ యంత్రాన్ని భుజాన తగిలించుకున్నవాడు ఒక కాంట్రాక్టు కూలీ. తెలంగాణ నుండి వలస వచ్చిన మరమగ్గాల కార్మికుని కుమారుడు. తెలుగులో పలకరించాము. మూడవసారి పిలిస్తేగాని అతనికి వినిపించలేదు. అప్పటికి యంత్రం ఆగిపోయి చాలాసేపయినది.

ఇటువంటి యంత్రాల స్థానంలో విద్యుత్తుతో, బ్యాటరీతో నడిచే పరికరాలు రావాలన్న చర్చ నేడు ప్రపంచమంతటా సాగుతున్నది. తోటపని ముచ్చటగా కొందరు దీనిని తేలికగా తీసుకొనవచ్చును. మా దృష్టిలో ఇది కార్మిక సమస్య.

ఈ చిన్న యంత్రాలలో అధికభాగం రెండు స్ట్రోకుల ఇంజన్లు. పెట్రోలులో నూనె కలిపి పోయాలి. అందులో కొంత భాగం కాలకుండానే పొగతోబాటు బయటికి వస్తుంది. ఆ పొగ ముందుగా చేరేది పనివాని ముక్కుకే. వాణిజ్య అవసరాలకు వాడే ఆకులు ఊదే పెట్రోలు యంత్రం ఒక గంట నడిస్తే, కొత్త కారు సుమారు 1,770 కిలోమీటర్లు ప్రయాణించినపుడు వెలువడేంత కాలుష్యం పుడుతుందని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర వాయు వనరుల మండలి లెక్క కట్టినది. ఆ రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నుండి ఇటువంటి చిన్న ఇంజన్ల కొత్త అమ్మకాలను నిలిపివేయుటకు పూనుకొన్నది. వాషింగ్టన్ నగరంలో ఆకులు ఊదే పెట్రోలు యంత్రాలపై నిషేధం 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది.

పొగ ఒక ఎత్తు, మోత మరొక ఎత్తు. మన దేశపు కర్మాగారాలలో రోజుకు 8 గంటల పనికి 90 డెసిబెళ్ళు చిరకాలంగా గరిష్ఠ పరిమితిగా ఉన్నది. గడ్డికోత యంత్రపు మోత పనివాని చెవి వద్ద తరచు 95 డెసిబెళ్ళు దాటుతుంది. 3 డెసిబెళ్ళు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపవుతుంది. దీనికి తోడు ఎడతెగని అదురు వలన వ్రేళ్ళు తిమ్మిరెక్కి, రక్తప్రసారం తగ్గి తెల్లబారుతాయి.

రైల్వే సోదరులకు మరొక మాట చెప్పనవసరం లేదు, అయినా చెబుతున్నాము. సూరత్ మీదుగా పోయే ముంబయి-అహమ్మదాబాదు మార్గం 1970వ దశకంలోనే విద్యుదీకరణ పొందినది. ఆవిరి ఇంజను తన రాకను దూరం నుండే చాటేది. విద్యుత్ రైలు అంతగా చప్పుడు చేయక వచ్చి మీద పడుతుంది. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 10 సెకన్లలో 360 మీటర్లు దాటుతుంది. పట్టాల పక్కన పెట్రోలు యంత్రం పట్టుకున్నవానికి దాని హారను ఎట్లా వినబడుతుంది? చెవులు మూసుకొంటే హారను వినబడదు, మూసుకొనకపోతే చెవులే పోతాయి. బ్యాటరీ యంత్రం ఈ చిక్కును చాలావరకు తగ్గిస్తుంది. అయితే పచ్చజెండా, ఎర్రజెండా పట్టుకొని కాపలా కాసే మనిషి అవసరాన్ని మాత్రం అది తీర్చలేదు.

విద్యుత్తు సర్వరోగ నివారిణి అని మేము భ్రమపడటం లేదు. తడిసిన దట్టమైన గడ్డిలో బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఒక పూట పనికి రెండు మూడు బ్యాటరీలు కావాలి. సరియైన చోట ఛార్జి చేయకపోతే నిప్పు ప్రమాదమున్నది. సూరత్‌కు ఎగువన ఉకాయిలో జలవిద్యుత్తుతో పాటు బొగ్గు మండించే కేంద్రం కూడా ఉన్నది, అనగా కొంత పొగ చోటు మారుతుందే గాని మాయం కాదు. అయినా ఎత్తైన పొగగొట్టం నుండి వెలువడే పొగకు, మనిషి మొగానికి మూరెడు దూరంలో వెలువడే పొగకు భేదమున్నది.

అసలు ప్రశ్న వేరొకటి. సూరత్‌లోని తెలుగు నేత కార్మికులను అడగండి. చేతిమగ్గం పోయి కరెంటు మగ్గం వచ్చినపుడు వారికి విశ్రాంతి రాలేదు. చెవులు చిల్లులు పడే మోత, పీసు రేటు కూలి, 12 గంటల షిఫ్టు వచ్చినవి. విద్యుత్తు తనంతట తాను కార్మికుని మిత్రుడూ కాదు, శత్రువూ కాదు. స్విచ్చి ఎవరి చేతిలో ఉన్నదన్నదే ముఖ్యం.

కనుక మా కోరికలు ఇవి. యంత్రం మార్చే ఖర్చు కూలివానిపై పడరాదు. పరికరం, బ్యాటరీలు కాంట్రాక్టరే సమకూర్చాలని టెండరు షరతులలో వ్రాయాలి. ఛార్జింగుకు పట్టే సమయాన్ని పనిగంటలుగా లెక్కించి కూలి చెల్లించాలి. పని త్వరగా అయినదన్న సాకుతో మనుషులను తగ్గించరాదు. ఏటా చెవి పరీక్ష జరిపించాలి. తీసివేసిన పాత పెట్రోలు యంత్రాలను మరొక పేదవానికి అంటగట్టక తుక్కు చేయాలి.

ఆ కూలీ మన సంఘ సభ్యుడు కాడు. అతనికి పాసు లేదు, పెన్షను లేదు, సెలవు లేదు. కాని అతడు కోసేది మన వాకిటి గడ్డి. పోస్టుమన్ భుజాన సంచి బరువు గురించి, గ్యాంగ్‌మన్ పనిగంటల గురించి దశాబ్దాలుగా పోరాడిన మనం అతని భుజాన ఉన్న బరువును చూడకపోతే మన ఐక్యతకు అర్థమేమిటి? ప్రతి శాఖా తన తదుపరి సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టి, తన ఆవరణలో గడ్డి ఎవరు కోస్తున్నారో, ఏ యంత్రంతో కోస్తున్నారో, ఏ కూలికి కోస్తున్నారో విచారించవలసినదిగా కోరుతున్నాము. పని అక్కడ మొదలుపెడదాము.