ఊరంతా కలసి డాబాలకు సున్నము

సంక్రాంతికి గోడలకు సున్నము కొట్టుట మన గ్రామములలో ఆనవాయితీ. కాని ఇంటి కప్పునకు కూడ ఆ సున్నము పూయువారు అరుదు. వేసవిలో సూర్యుడు నడినెత్తిన నుండునపుడు ఎక్కువ ఎండ తగులునది గోడకు కాదు, కప్పునకు. పగలంతా కాగిన సిమెంటు శ్లాబు రాత్రి పది గంటలకు కూడ ఇంటిలోనికి వేడిమిని దింపుచునే యుండును. క్రింద ఫాను ఆ వేడిగాలినే త్రిప్పుచుండును. మీటరు మాత్రము తన పని తాను చేసికొనిపోవును.

తెల్లగా సున్నము పూసిన కప్పు తనపై బడిన ఎండలో సగమునకు పైగా వెనుకకు పంపివేయును. ఇట్టి యిండ్లలో 2 నుండి 5 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి తగ్గుట పలుచోట్ల కొలిచి చూచిన విషయమే. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యముగా పెట్టుకొన్నది. అందులో 200 హైదరాబాదుకే చెందినవి. ఈ లెక్క చూచిన తరువాత గ్రామములు ఎవరికోసమో ఎదురుచూడక తమ పని తాము మొదలుపెట్టుట మంచిదని నా అభిప్రాయము.

ఎవరి డాబాకు వారు పూసికొనవచ్చును గదా యని కొందరనవచ్చును. పూసికొనుట లేదు గదా! కలిగినవాడు కూలరు కొనుక్కొనును. సిమెంటు రేకుల క్రింద కాపురముండు కూలివానికి ఆ దారి లేదు. కాగిపోవునది అతని యిల్లే. 2015 మే నెల వడగాడ్పులకు ఉభయ తెలుగు రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా మరణించిరి. కనుక గ్రామసభలో జాబితా వ్రాయునపుడు ముందు రేకుల యిండ్లు, వృద్ధులు, పసిపిల్లలు గల యిండ్లు రావలెను. పెద్ద డాబాలు తరువాత చూచుకొనవచ్చును.

శివరాత్రి వెళ్లగానే పని పెట్టుకొనవలెను. డ్వాక్రా సంఘములు కలసి సున్నము ఒకేసారి తెప్పించినచో బండి బాడుగ కలసివచ్చును. కప్పును కడిగి, పాచి తీసి, జల్లించిన సున్నపు తేటలో బంక కలిపి రెండు మూడు పూతలు వేయవలెను. సున్నము తడుపునప్పుడు పొగలు గ్రక్కును. పిల్లలను దగ్గరకు రానీయరాదు, కండ్లు జాగ్రత్త. పాత ఆస్బెస్టాసు రేకులను పొడిగా గీకరాదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి పూయవలెను. వానలకు పూత పోవును గనుక ఏటేటా వేయక తప్పదు.

మిరపకాయలు, వడియాలు ఎండబోయుటకు సున్నపు డాబా పనికిరాదని ఆడవారు చెప్పు అభ్యంతరము న్యాయమైనదే. పట్టా పరచుకొనుట ఒక్కటే మార్గము. లేదా ఒక మూల వదలివేయవచ్చును.

ఫానుల సంగతి దీని తరువాతనే. పాత ఫాను సుమారు 75 వాట్లు తీసికొనును, బి.ఎల్.డి.సి. రకము సుమారు 30 వాట్లతో తిరుగును. రోజుకు 15 గంటల చొప్పున ఒక్కొక్క ఫానుపై నెలకు 20 యూనిట్లు మిగులును. తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద 200 యూనిట్ల వరకు బిల్లు లేదు గదా యని ఊరకుండువారు, కూలరు తిరుగు వేసవి నెలలలో ఆ హద్దు దాటుట ఎంత సులువో తమ మీటరునే చూచుకొందురు గాక. ఏబది ఫానులు ఒకేసారి కొందుమన్నచో దుకాణదారుడు బేరమునకు దిగివచ్చును.

గ్రామాధికారులకు ఒక మనవి. ముందుగా పాఠశాల, అంగన్‌వాడీ కప్పులకు పూయించుడు. పూసిన గదిలో ఒకటి, పూయని గదిలో ఒకటి ఉష్ణమాపకములను వ్రేలాడదీసి, రోజూ మధ్యాహ్నము మూడు గంటలకు అంకెలు పుస్తకమున వ్రాయించుడు. మాటలకంటె ఆ పుస్తకమునే జనులు నమ్ముదురు. ఇక వాననీరు పట్టుకొను ఇండ్లవారు, సున్నము కడుగుకొని వచ్చు తొలి వానల నీటిని తొట్టిలోనికి రానీయక బయటకు వదలివేయవలెను.