హృదయకవాటమూ ఉషస్తి నిర్ణయమూ

ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదని గోదావరీతీరంలో అనూచానంగా వినవచ్చే మాట. శ్రీలక్ష్మీనరసింహస్వామి సన్నిధిలోనే యమధర్మరాజు కొలువైన క్షేత్రమిది. ఈ మాటనే ఆసరాగా చేసుకొని, హృదయకవాటం శిథిలమైన రోగితో "గుండెలో ఆవు పొర కుట్టించుకొంటే ఆచారభ్రష్టుడవవుతావు, స్వామిని నమ్ముకో, శస్త్రచికిత్స మానుకో" అని ఉపదేశించే పండితమ్మన్యులు కొందరున్నారు. ఇది భక్తి కాదు; పరుల ప్రాణాన్ని పణంగా పెట్టి ఆడే జూదం.

ముందుగా విషయస్వరూపం. కృత్రిమ కవాటాలు ప్రధానంగా రెండు విధాలు. యాంత్రిక కవాటం దశాబ్దాలు మన్నుతుంది. కాని దానిపై రక్తం గడ్డకట్టకుండా యావజ్జీవం వార్ఫరిన్ వంటి మాత్ర సేవించాలి, ఐ.ఎన్.ఆర్. పరీక్ష క్రమంగా చేయించుకోవాలి. ఆవు హృదయావరణపు పొరతోనో పంది కవాటంతోనో రూపొందిన జైవిక కవాటానికి సాధారణంగా ఆ యావజ్జీవ నిర్బంధం లేదు. కాని అది సుమారు 10–15 ఏండ్లలో క్షీణిస్తుంది, యువకులలో ఇంకా త్వరగా. కనుకనే చిన్నవయస్కులకు యాంత్రికాన్ని, 65–70 ఏండ్లు దాటినవారికి జైవికాన్ని వైద్యులు తరచు సూచిస్తారు. సంతానం కోరే స్త్రీ విషయం మరింత సూక్ష్మం. వార్ఫరిన్ గర్భస్థశిశువుకు హాని చేయగలదు.

ఇక ఆక్షేపణలు. ఆవు పొర వల్ల ఆత్మకు మాలిన్యం కలుగుతుందన్నది మొదటిది. ఆత్మ అసంగమని నిత్యం ప్రవచించే నోటితోనే ఈ మాట ఎలా వస్తుంది? క్షేత్రంలోని వికారం క్షేత్రజ్ఞుని అంటదు గదా! రెండవది గోహింస. ఇది బలమైన ఆక్షేపణ. దీనిని మౌఢ్యమని పరిహసించే ఆధునికులతో నేను ఏకీభవించను. ఆ పొర ఒక ప్రాణి దేహం నుండి వచ్చినదే.

దీనికి సమాధానం ఛాందోగ్యంలోనే ఉంది. కురుదేశం క్షామపీడితమైనప్పుడు ఉషస్తి చాక్రాయణుడు ఒక ఏనుగుల కాపరి తింటున్న మినుములను యాచించి భుజించాడు. అతడు నీరు కూడా ఇవ్వబోగా ఎంగిలి అని నిరాకరించాడు. మినుములు మాత్రం ఎంగిలి కావా అంటే, అవి తినకుంటే ప్రాణం నిలవదు, నీరు కోరినచోట దొరుకుతుంది అన్నాడు. ప్రాణాపాయంలో ఆహారనియమం సడలుతుందని బ్రహ్మసూత్రాలు తృతీయాధ్యాయ చతుర్థపాదంలో నిర్ణయించడానికి ఆధారం ఈ కథయే.

కవాటానికి దీనిని అన్వయించండి. యాంత్రిక కవాటం మీ దేహస్థితికి తగినదైతే, జంతుజన్యాన్ని నిరాకరించడం ఉషస్తి నీటిని నిరాకరించినట్లే, సంపూర్ణంగా ధర్మ్యం. అది మన దేశంలోనే తయారవుతున్నది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన కవాటాన్ని 1990 డిసెంబరు 6న తొలిసారి రోగికి అమర్చారు. ఆ కృషికి నాయకత్వం వహించిన శస్త్రవైద్యులు వలియత్తాన్ తరువాతి కాలంలో చరక, సుశ్రుత, వాగ్భటులపై గ్రంథాలు రచించారు. శాస్త్రానికీ సంప్రదాయానికీ వైరం ఎక్కడ? అయితే వయస్సో, రక్తస్రావభయమో యాంత్రికాన్ని నిషేధిస్తే, జైవిక కవాటం ఉషస్తి తిన్న మినుములే. దానిని స్వీకరించినవానిని దూషించడం పాపం.

యాంత్రికమే సాత్త్వికమని ఎంచుకొని, ఏకాదశి ఉపవాసమంటూ మాత్ర మానేవారూ, వైద్యునికి చెప్పకుండా మూలికలు సేవించేవారూ, ఊరు దూరమని రక్తపరీక్ష విడిచేవారూ తమ వ్రతాన్ని తామే భంగపరుస్తున్నారు. ఆ కవాటం కోరే నిత్యానుష్ఠానం ఆ మాత్రయే. దానిని నిర్వహించలేనని తెలిసినవాడు ఆ మాట ముందే వైద్యునికి నిజాయితీగా చెప్పాలి.

వైద్యులకూ ఒక మాట. కవాటం దేనితో చేసినదో సంతకానికి ముందే రోగికి చెప్పండి. దాచి చేసిన మేలులో సత్యం లోపిస్తుంది.

అంత్యకాలంలో స్మరించగలనో లేనో అని ముందే స్వామిని స్మరించిన శేషప్పకవి ఈ ధర్మపురివాడే. సాధకులారా, కవాటనిర్ణయమూ అంతే. స్ట్రెచరు మీద కాదు, బుద్ధి స్థిరంగా ఉన్నప్పుడే చేయండి. ఆ నిర్ణయాధికారం రోగిది. అరుగు మీది ఉపదేశకునిది కాదు.