చవక మందు మనది, పరిశోధన ప్రోటీన్ ఎవరిది?

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ (ఎస్‌ఎంఏ) రోగులకు వాడే రిస్డిప్లామ్ ఔషధం కేసులో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వుపై జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 17న నిరాకరించింది. దీంతో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు మార్గం సుగమమైంది. అంతవరకు సీసా దాదాపు రూ.6.2 లక్షలు పలికిన మందు రూ.15,709 గరిష్ఠ చిల్లర ధరతో విపణిలోకి వచ్చింది. ధర, పేటెంటు అంశాలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. ఈ తరహా చికిత్సలకు దారి చూపిన ప్రయోగశాల పని, దానికి కావలసిన సామగ్రి మాత్రం ఆ చర్చలో పెద్దగా కనిపించలేదు.

ఎస్‌ఎంఏ బాధితుల్లో ఎస్‌ఎంఎన్‌1 జన్యువు లోపిస్తుంది లేదా పనిచేయదు. దాదాపు దానిలాగే ఉండే ఎస్‌ఎంఎన్‌2 జన్యువు వారిలో ఉన్నా, ఏడో ఎక్సాన్‌లోని ఒకే ఒక్క అక్షరం తేడా వల్ల ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికించే దశలో ఆ ముక్క ఎక్కువసార్లు జారిపోతుంది. అలా జారిపోవడానికి తోడ్పడేవాటిలో హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ ఏ1 అనే మానవ ప్రోటీన్ ఒకటి. అది అంటుకునే చోటును కప్పివేయడమే 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్ పనితీరు. రిస్డిప్లామ్ మార్గం వేరు. కత్తిరింపు యంత్రాంగం ఏడో ఎక్సాన్ అంచును గట్టిగా గుర్తించేలా అది చేస్తుంది. రెండింటి లక్ష్యమూ ఒకటే.

ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ఇటువంటి ప్రోటీన్లు మనిషిలో సుమారు 1,500 ఉన్నట్లు అంచనా. ‘గ్రాహకం’ అన్న మాట ఇప్పటికే రిసెప్టర్‌కు స్థిరపడింది కనుక వీటిని ఆర్‌ఎన్‌ఏ బంధక ప్రోటీన్లు అనడమే మేలు. ఏ ప్రోటీన్ ఏ ఆర్‌ఎన్‌ఏ వరుసను ఎంత బలంగా పట్టుకుంటుందో కొలవాలంటే, కణంలోని గుంపు నుంచి దాన్ని విడదీసి పరీక్షనాళికలో చూడాలి. ఇందుకోసం మానవ జన్యు ప్రతిని ఈ.కోలి బ్యాక్టీరియాలోకి చొప్పించి ప్రోటీన్‌ను తయారు చేయిస్తారు. దాని కొసకు తగిలించిన హిస్టిడిన్ తోక సాయంతో నికెల్ కాలమ్‌పై నిలిపి, మిగతావాటిని కడిగివేస్తారు. రీకాంబినెంట్ ప్రోటీన్ అంటే ఇదే.

వినడానికి తేలికగా ఉన్నా ఆచరణలో చిక్కులు చాలా. ఆర్‌ఎన్‌ఏను పట్టుకోవడమే పనిగా గల ప్రోటీన్ బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏను కూడా వదలదు. గాఢమైన ఉప్పు ద్రావణంతో దాన్ని విడిపించి, 260, 280 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ నిష్పత్తిని సరిచూసుకోవాలి. లేకపోతే ముందే నిండిన చేతిని పరీక్షించినట్లవుతుంది. ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైము లేశమాత్రం మిగిలినా ప్రయోగం వృథా. ఏఎల్‌ఎస్ వ్యాధితో ముడిపడిన టీడీపీ-43 వంటివి సీసాలోనే గుమిగూడి గడ్డకడతాయి. పైగా మానవ కణం అర్జినైన్‌లకు తగిలించే మిథైల్ గుర్తులు ఈ.కోలి ప్రోటీన్‌పై ఉండవు. కాబట్టి అది ఇచ్చే సాక్ష్యం కొన్నిచోట్ల అర్ధసత్యమే. కీటక కణాల్లోనో, మానవ కణాల్లోనో తయారు చేయిస్తే ఖర్చు బాగా పెరుగుతుంది.

భారతీయ ప్రయోగశాలలు ఇటువంటి ప్రోటీన్లను విదేశీ కేటలాగుల నుంచి మైక్రోగ్రాముల లెక్కన తెప్పించుకోవడం మామూలే. డ్రై ఐస్ పెట్టె కస్టమ్స్ వద్ద ఎక్కువ రోజులు ఆగిందంటే ఆ డబ్బుపై ఆశ వదులుకోవలసిందే. 2024 జులై 23నాటి బడ్జెట్ ప్రయోగశాల రసాయనాలపై సుంకాన్ని 10 శాతం నుంచి ఏకంగా 150 శాతానికి పెంచింది. ఇథైల్ ఆల్కహాల్ దుర్వినియోగాన్ని అరికట్టడం దాని ఉద్దేశం. దెబ్బ మాత్రం పరిశోధకులకు తగిలింది. నిరసనలతో కొద్ది రోజుల్లోనే ఆల్కహాల్ మినహా మిగిలినవాటికి పాత సుంకాన్ని పునరుద్ధరించారు. 2025 జూన్‌లో పరిశోధన సంస్థలు కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితిని రూ.లక్ష నుంచి రూ.2 లక్షలకు పెంచారు. రెండూ స్వాగతించదగ్గవే. అయితే ఇవి కొనుగోలును సులభం చేస్తాయి తప్ప దిగుమతి అవసరాన్ని తగ్గించవు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయోఈ3 విధానం బయోఫౌండ్రీలను, జీవ తయారీ కేంద్రాలను ప్రతిపాదించింది. దాని చూపు ప్రధానంగా భారీ ఉత్పత్తిపైనే ఉంది. ఏడాదికి కొద్ది మిల్లీగ్రాములు అమ్ముడుపోయే హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ ఏ1 కోసం ఏ ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెడుతుంది? నైపుణ్యం కొరత అనడానికి వీల్లేదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. ప్రోటీన్ శుద్ధిలో ఆరితేరిన విద్యార్థులు మన సంస్థల్లో ఎందరో ఉన్నారు. పీహెచ్‌డీ పూర్తిచేసి వారు వెళ్లిపోయాక, చేసిన ప్రోటీన్ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో అడుగున పడి ఉంటుంది. పక్క ల్యాబ్ అదే ప్రోటీన్‌కు డాలర్లలో ఆర్డరు పెడుతుంది.

అమెరికాలో 2004లో మొదలైన ఆడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పరిశోధకుల ప్లాస్మిడ్‌లను భద్రపరచి, కోరినవారికి పంపుతుంది. ప్రభుత్వ నిధులతో అటువంటి భాండాగారాన్ని ఇక్కడ నెలకొల్పి, ప్లాస్మిడ్‌లతో పాటు చిన్న మోతాదుల్లో ప్రోటీన్లనూ అందించవచ్చు. ప్రతి బ్యాచ్‌కు శుద్ధత, మిగిలిన బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ, తెలిసిన ఆర్‌ఎన్‌ఏ వరుసతో బంధన బలం పరీక్షించి, ఆ ఫలితాలను సీసాతో పాటే పంపాలి. ఈ తనిఖీకి బ్యాక్టీరియా పెంపకం కన్నా ఎక్కువ సమయం పడుతుంది. దానికి విద్యార్థులు సరిపోరు, శాశ్వత సాంకేతిక సిబ్బంది కావాలి.