చక్రం మీద తెల్లని పొడి

పిల్లలూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి హిమాయత్‌నగర్ నుంచి వచ్చింది. రాసినది ఏడవ తరగతి చదువుతున్న అమ్మాయి. ఆ అమ్మాయి ప్రశ్న ఇది:

"మాస్టారూ, నాన్నగారు చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర కారు నిలుపుతూ ఉంటే ముందు చక్రం కాలిబాట అంచురాతికి రాసుకున్నది. ఇది అలాయ్ చక్రం, ఇనుము కాదు, తుప్పు పట్టదు అన్నారు నాన్నగారు. కాని రెండు వానలు పడేసరికి గీతల పక్కన తెల్లని పొడి పుట్టింది. పైనున్న పొర కింద సన్నగా పురుగు పాకినట్టు బాటలు కూడా కనిపిస్తున్నవి. చింతపండు పెట్టి తోమితే పోతుంది అంటున్నది అమ్మమ్మ. తోమవచ్చునా?"

వద్దమ్మా, చింతపండు ముట్టించకండి! మిగతా సంగతి తరవాత చెపుతాను.

అమ్మమ్మగారి మాట తీసిపారేసేది కాదు సుమా. ఇత్తడి చెంబుకూ, రాగి బిందెకూ చింతపండు పెడితే తళతళలాడుతవి. చింతపండులోని పులుపు ఆ చిలుమును కరిగించి, కింది లోహాన్ని బయట పెడుతుంది. అయితే అదే అమ్మమ్మగారిని ఇంకొక మాట అడిగి చూడు. "రాత్రి మిగిలిన పులుసు సిల్వరు గిన్నెలో ఉంచవచ్చునా?" అని. "వద్దు, స్టీలు గిన్నెలోకి తియ్యి" అంటుంది. ఆ సిల్వరు గిన్నెలో వెండి రవ్వంత కూడా లేదు; అది అల్యూమినియం. మీ కారు చక్రం కూడా ముఖ్యంగా ఆ అల్యూమినియమే. కనక అమ్మమ్మగారికి ఈ ప్రశ్నకు జవాబు ఇదివరకే తెలుసు. చక్రమూ గిన్నే చుట్టాలని మాత్రం ఎవరూ చెప్పలేదు!

వట్టి అల్యూమినియం మెత్తన. కారు బరువు మోయాలంటే దానిలో ఇంకొన్ని కలపాలి. పోతపోసిన చక్రాలలో సాధారణంగా నూటికి ఏడు పాళ్ళ సిలికాన్, చిటికెడు మెగ్నీషియం కలుపుతారు. ఇల్లా కలిపినదే మిశ్రలోహం. అలాయ్ అన్నా అదే. ఒక ఘన సెంటీమీటరు ఇనుము ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ తూగితే, అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది. చక్రం తేలికగా ఉంటే గతుకుల మీద చురుకుగా లేచి దిగుతుంది. ఈ సంగతి పందెపు కార్ల వాళ్ళు ముందే కనిపెట్టారు. 1924 లో ఫ్రాన్సు దేశపు బుగాటీ కంపెనీ తన పందెపు కారుకు అల్యూమినియం పోత చక్రాలు తొడిగింది. అంతకు నలభై ఏళ్ళ ముందయితే ఆ ఊహే వచ్చి ఉండదు, లోహం అంత ఖరీదు. 1886 లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరౌ అనే ఇద్దరు యువకులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, విద్యుత్తుతో అల్యూమినియాన్ని చవకగా తీసే పద్ధతి కనిపెట్టారు. చిత్రమేమంటే ఇద్దరూ పుట్టినది 1863 లో, ఇద్దరూ పోయినది 1914 లో.

ఇక తుప్పు సంగతి. మీ నాన్నగారు చెప్పినదానిలో సగం నిజం ఉన్నది. ఇనుము గాలిలోని ఆమ్లజనితోనూ తేమతోనూ కలిసి తుప్పు అవుతుంది. ఆ తుప్పు ఉబ్బి, పెచ్చులుగా రాలిపోతుంది. రాలినచోట మళ్ళీ కొత్త ఇనుము బయట పడుతుంది, అదీ తుప్పు పడుతుంది. అల్యూమినియం కూడా ఆమ్లజనితో కలుస్తుంది. నిజానికి ఇనుముకన్న ఎంతో ఆత్రంగా కలుస్తుంది. కాని ఆ కలయికతో పుట్టిన పొర రాలదు, చర్మంలాగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే, అందులో మూడు నాలుగు భాగాలంత మందం. కంటికి కనపడదు. గీరితే క్షణంలో మళ్ళీ కొత్త చర్మం పుడుతుంది. అందుకనే గీత పడినంత మాత్రాన అల్యూమినియానికి ఏమీ కాదు.

మరి తెల్లని పొడి ఎక్కడిది? ఆ చర్మానికి గిట్టనివి మూడున్నవి: పులుపు, సున్నంవంటి క్షారం, ఉప్పు. మొదటి రెండూ చర్మాన్ని కరిగిస్తవి. ఉప్పు దొంగలాంటిది, ఏదో ఒక బలహీనమైన చోట కన్నం వేసి లోపలికి దూరుతుంది. వీధి బురదలో, మురుగులో, చెమట చేతిలో, కొన్ని బోరు నీళ్ళలో కూడా ఉప్పు ఉంటుంది. సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, మచిలీపట్నం కార్లకయితే చెప్పనే అక్కరలేదు.

ఇంకొక చిక్కు చక్రం మీది రంగు. కార్ఖానాలో రంగు వేసి, దాని పైన గాజులాంటి పారదర్శకపు వార్నీషు వేస్తారు. అది చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం చక్రానికి గొడుగు. రాతికి రాసుకుని అంచు లేచిందా, అదే గొడుగు ఉచ్చు అవుతుంది. ఉప్పు కలిసిన నీటి బొట్టు వార్నీషు కిందికి దూరుతుంది. ఆరిపోదామంటే దారి లేదు. బొట్టు కొసన గాలి అందదు, అక్కడ లోహం కరుగుతుంది. వెనక వైపు గాలి అందుతుంది, అక్కడ కరిగినది తెల్లపొడి అయి నిలిచిపోతుంది. కొస ముందుకు పాకుతూనే ఉంటుంది. అమ్మాయి చూసిన పురుగు బాటలు ఇవే. భూతద్దం పెట్టి చూడండి: ఒక బాట ఇంకొక బాటను దాటటం చాలా అరుదు; దగ్గరికి వచ్చి పక్కకు తిరిగిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే వానాకాలంలో ఇవి బాగా సాగుతవి.

ఆ తెల్లపొడి ఏమిటో తెలుసునా? అల్యూమినియమూ, ఆమ్లజనీ, నీరూ కలిసిన పదార్థం. విశాఖ మన్యానికి అవతల, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో సంస్థ బాక్సైటు అనే రాతి నుంచి అల్యూమినా తీస్తున్నది. ఆ బాక్సైటులో ముఖ్యంగా ఉండేది కూడా ఈ జాతి పదార్థమే. అంటే చక్రం తిరిగి రాయి అవుతున్నదన్నమాట!

ఇది నమ్మకపోతే వంటింట్లో చూడండి. ఒక స్టీలు గిన్నెలో కాస్త చింతపండు గుజ్జు, చెంచాడు ఉప్పు కలపండి. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును గుజ్జుకు తగిలేట్టు, గిన్నె అంచుకు కూడా తగిలేట్టు కప్పి రెండు రోజులు ఉంచండి. రేకుకు సూది బెజ్జాలు పడతవి. (ఆ గుజ్జు తినకండి, పారెయ్యండి.) స్టీలూ అల్యూమినియమూ ఉప్పునీటిలో కలిసి ఉంటే చిన్న బ్యాటరీ అవుతుంది, ఆ బ్యాటరీలో ఖర్చయిపోయేది అల్యూమినియం. చక్రం అంచుకు బ్యాలెన్సింగ్ కోసం తగిలించే ఇనుప బరువు కింద ముందుగా తెల్లపొడి ఎందుకు వస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

అలాయ్ చక్రం మీద ఎర్రని తుప్పు చుక్కలు కనపడితే కంగారు పడకండి. అది చక్రం తుప్పు కాదు. బ్రేకు వేసినప్పుడల్లా రాలే వేడి ఇనుప నలుసులు వార్నీషుకు అంటుకుని తుప్పు పట్టినవి. అల్లాగే బోరు నీళ్ళతో కడిగి తుడవకుండా వదిలితే సున్నపు మచ్చలు పడతవి. అవి వార్నీషు పైన ఉంటవి, వేలికి తగులుతవి. పొర కింద ఉన్నదే అసలు జబ్బు.

ఇక మందు చెపుతాను. ఇది పెద్దవాళ్ళు చేయవలసిన పని, పిల్లలు పక్కన ఉండి అందించవచ్చు. కారు సమతలం మీద నిలిపి చేతి బ్రేకు వెయ్యాలి. చక్రం చల్లారాక సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. టైరుకూ చక్రానికీ మధ్య పాత పేకముక్కలు వరసగా దోపితే టైరుకు రంగు అంటదు. (పేకముక్కలతో జరిగే మంచి పని నాకు తెలిసి ఇదొక్కటే!) ముతక ఎమరీ కాగితాన్ని నీటిలో తడిపి, లేచిన వార్నీషునూ తెల్లపొడినీ మెరిసే లోహం కనపడేదాకా రుద్దాలి. పురుగు బాట కొస దాటి ఇంకొక వేలెడు మేర రుద్దాలి. కొస మిగిలిందా, కొత్త రంగు కింద మళ్ళీ పాకుతుంది. తరవాత నున్నని కాగితాలతో అంచులు కలిసిపోయేట్టు రుద్ది, జిడ్డు తుడిచి, అల్యూమినియానికి పట్టే ప్రైమరు, దాని మీద రంగు, దాని మీద వార్నీషు పలచగా రెండు మూడు పూతలు వెయ్యాలి. ఒక పూత ఆరకుండా ఇంకొకటి వెయ్యకూడదు. ముక్కుకు మాస్కు ఉండాలి. మేడ కింద మూసిన గదిలో కాక ఆరుబయట వెయ్యాలి.

ముఖం అద్దంలాగా మెరుస్తూ, సన్నని చక్రాకారపు చారలు ఉండే చక్రాలున్నవి. వాటికి ఈ చేతి వైద్యం పనికిరాదు. వాటి ముఖాన్ని లేతు మిషను మీద చెక్కి తీరాలి. చెక్కినప్పుడల్లా కొంత లోహం పోతుంది గనక అది ఎన్నోసార్లు చేసే పని కాదు.

కార్లు కడిగే కొన్ని చోట్ల చక్రాల మీద ఏదో ద్రావకం పోస్తారు. బుసబుస పొంగి మురికి ఇట్టే పోతుంది. ఆ పొంగులో మురికితోపాటు చక్రం చర్మం కూడా పోవచ్చు. అంతకన్న ముఖ్యం కడిగే కుర్రవాడి చేతులు. కొన్ని చక్రాల ద్రావకాలలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది గాజునే తినేస్తుంది. చేతి మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. గంటల తరవాత లోపలికి దిగి ఎముకదాకా బాధిస్తుంది. తొడుగులు లేని చేతులతో ఎవరైనా అది పోస్తూ ఉంటే, "మాకు సబ్బు నీళ్ళు చాలు" అని చెప్పమనండి మీ నాన్నగారిని.

ఇంతవరకు చెప్పినది అందం మాట. ఇప్పుడు ప్రాణం మాట. గీత వేరు, పగులు వేరు. అంచురాతికి రాసుకుంటే గీత పడుతుంది. నీళ్ళు నిండి కనపడని గుంటలో దభీమని పడితే చక్రం వంగవచ్చు, పగలవచ్చు. ఆ పగులు చాలాసార్లు లోపలి వైపు ఉంటుంది, బయటికి కనపడదు. పంక్చరు లేకుండానే రెండు మూడు రోజులకొకసారి గాలి తగ్గుతున్నా, వేగం పెరిగితే స్టీరింగు వణుకుతున్నా చక్రం విప్పించి వెనక వైపు చూడాలి. మా పేటలో ఒక కారు చక్రానికి ఇల్లాంటి పగులు మీద లప్పం పెట్టి, రంగు వేసి, కొత్తదానిలాగా చేసి ఇచ్చారు. టైరు మార్చే కుర్రవాడు బుద్ధిమంతుడు గనక గోరుతో గీరి పట్టుకున్నాడు. లప్పం గీతను కప్పుతుందిగాని కారును మొయ్యదు.

వేడి చేసి సుత్తితో సరిచేస్తామనీ, అతుకు వేస్తామనీ చెప్పేవారున్నారు. చక్రాన్ని పోతపోశాక సుమారు 540 డిగ్రీల వేడిలో ఉంచి, చప్పున నీటిలో చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి పక్వానికి తెస్తారు. దాని బలమంతా ఆ పాకంలో ఉన్నది. గ్యాసు మంట తగిలినచోట ఆ పాకం చెడుతుంది. పైగా ఇనుములాగా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు; 660 డిగ్రీల దగ్గర తెల్లగానే కరిగిపోతుంది. ఎంత వేడి ఎక్కిందో కన్ను కనిపెట్టలేదు. కనక పగిలిన చక్రం మార్చవలసిందే, ఖర్చయినా సరే. పాత కారు కొనేవారు కూడా మిగతాదంతా పాతగా ఉండి చక్రాలు మాత్రం తాజా రంగుతో మెరుస్తూ ఉంటే, వెనక వైపు టార్చిలైటు వేసి చూడటం మంచిది.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన కుండపోత వానకు ఎన్నో వీధులలో కార్లు మునిగిపోయినవి. హుస్సేన్‌సాగర్ నాలా పక్కనున్న అశోక్‌నగర్ వంటి పల్లపు వీధుల వాళ్ళకు వాన అంటే భయం ఎందుకో వేరే చెప్పాలా? అల్లాంటి నీటిలో నిలిచిన కారుకు ఇంజను సంగతి అందరూ చూస్తారు, చక్రాల సంగతి మరిచిపోతారు. ఆ బురద ఎండకముందే మంచినీళ్ళతో చక్రం ముందూ వెనకా కడిగి, పొడిబట్టతో తుడిస్తే సగం జబ్బు రాకుండానే పోతుంది. చక్రాలు తుడిచే బట్టతో కారు ఒళ్ళు తుడవకూడదు; దానిలో ఇనుప నలుసులుంటవి.

హిమాయత్‌నగర్ అమ్మాయీ, మీ చక్రానికి ఉన్నది గీత మాత్రమే అయితే ఒక ఆదివారం సరిపోతుంది. రంగు బాగా గట్టిపడేదాకా, ఒక వారం రోజులు, సబ్బుతో కడగనివ్వకు. రుద్దటానికి చక్రం విప్పి ఉంటే, మరలు వరసగా కాక ఎదురెదురుగా బిగించమనండి. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగువు చూడాలి. వంద కిలోమీటర్లు ఎప్పుడయిందో లెక్క పెట్టి నాన్నగారికి గుర్తు చెయ్యటం నీ వంతు.