టక్కుమన్నది నా భ్రమ కాదు

మా ఇంట్లో రెండు బళ్లున్నాయి. మావారు ఆఫీసుకి వెళ్లే బైకు ఒకటి, 2010లో కొన్న వ్యాగనార్ ఒకటి. కారు కాగితాల మీద ఆయనదే గానీ నడిపేది నేను. అమ్మాయిని ట్యూషన్లో దింపడం, అత్తయ్యగారిని మోకాళ్ల ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం, నెల సరుకులు, ఆదివారం పూట పెనమలూరులో మా అమ్మ దగ్గరికి వెళ్లిరావడం, అన్నీ దాని మీదే. అందుకే అది కొత్తగా ఏ చప్పుడు చేసినా ముందు వినబడేది నాకే.

సంక్రాంతి వెళ్లాక ఓ చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ మీంచి నెమ్మదిగా దిగుతుంటే ఎడమవైపు ముందు చక్రం దగ్గర "టక్". ఒక్కటే దెబ్బ. ఎవరో కింద నుంచి సుత్తితో కొట్టినట్టు.

"ఏవండీ, కారులో ఏదో చప్పుడొస్తోంది" అన్నాను.

"పాత కారు కదే, చప్పుళ్లు రాకుండా ఎలా ఉంటాయి?" అన్నారు.

ఆ ఆదివారం ఆయన నడిపి చూశారు. అద్దాలు ఎత్తేసి, ఏసీ వేసి, పాటలు పెట్టి, నున్నటి హైవే మీద. తిరిగొచ్చి "నాకేం వినబడలేదు, నీ భ్రమ" అని తేల్చేశారు. మా మరిది ఇంకో అడుగు ముందుకేసి, "15 ఏళ్లు నిండుతున్నాయిగా వదినా, దాన్ని వదిలించుకుని కొత్తది ఈఎంఐలో తీసుకోండి" అన్నాడు.

కొత్త కారు ఎవరికి చేదు? కానీ ఆ ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తుందో ఇల్లు నడిపేవాళ్లకి తెలుసు. అమ్మాయి ఇంటర్ ఫీజులకని పక్కన పెట్టిన డబ్బులోంచి. ఇంకో సంగతి ఎవరూ పైకి అనరు గానీ నాకు తెలుసు. కొత్త కారు వస్తే "గీతలు పడతాయి, నేను తీస్తాలే" అంటారు. అప్పుడు మళ్లీ అత్తయ్యగారిని ఆటోలో ఎక్కించలేక ఎక్కించడం, అమ్మ దగ్గరికి వెళ్లాలంటే ఆయనకి ఎప్పుడు ఖాళీయో చూసుకోవడం. ఆ కారు పోతే నాకు పోయేది కారొక్కటే కాదు.

సరే, నేనే గ్యారేజీకి తీసుకెళ్లాను. ఆ అబ్బాయి మొదట అడిగింది "సార్ రాలేదా మేడమ్?" అని. తర్వాత బండి పైకి ఎత్తకుండానే, కింద వంగి కూడా చూడకుండానే, నాలుగు షాకబ్జార్బర్లూ మార్చాలని చెప్పి 22,000 రూపాయల ఎస్టిమేట్ రాసిచ్చాడు. ఎందుకలా అంటే, "పాత బండి కదా మేడమ్" అన్నాడు. మా ఇంట్లో విన్న మాటే, ఇక్కడ దానికి ఖరీదు కట్టారు.

ఆ కాగితం పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చాను. పాల లెక్కల పుస్తకంలో వెనక పేజీ తీసి, వారం రోజులు ఆ చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకున్నాను. వేగంగా వెళ్తే రావడం లేదు, నెమ్మదిగా గుంతలో దిగితే వస్తోంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో రివర్స్ తీసి బ్రేకు వేసి, మళ్లీ ముందుకి కదిలితే కచ్చితంగా ఒక "టక్". బ్రేకు గట్టిగా వేస్తే బండి కొంచెం ఎడమకి లాగుతోంది. ఎడమవైపు ముందు టైరు లోపలి అంచుని చేత్తో తడిమితే, బయటి అంచు కంటే బాగా అరిగి ఉంది. ఈ నాలుగూ కనిపెట్టడానికి నాకు పానా పట్టుకోవడం కూడా రానక్కర్లేకపోయింది.

ఆ పేజీ పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. పక్కింటి పిన్నిగారు చెప్పిన పెద్దాయన, బాబాయ్ అంటాం అందరం. ఆయన నా రాతంతా చదివించుకుని, "రివర్స్‌లో వస్తోందా అమ్మా? అయితే షాకబ్జార్బర్ కాకపోవచ్చు" అన్నారు. ముందు బానెట్ మూల మీద బరువంతా వేసి కిందకి నొక్కి వదిలారు. బండి ఒక్కసారి పైకి లేచి కుదురుకుంది. షాకబ్జార్బర్ పోయి ఉంటే ఊగుతూనే ఉంటుందట. నూనె కారిన మరకా లేదు.

తర్వాత జాకీతో ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం తీసి నన్ను పిలిచారు. చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది, లోయర్ ఆర్మ్ అంటారు. అది బండి అడుగున బిగించిన చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. టామీ రాడ్‌తో అక్కడ ఎగదోస్తే ఆ ఆర్మ్ అంగుళం మేర కదిలింది. రబ్బరు అంతా పగుళ్లు, ఒక పక్క పూర్తిగా చిరిగి లోపలి ఇనుప గొట్టం బయటి ఇనుముకి కొట్టుకుంటోంది. "ఇదమ్మా మీ టక్" అన్నారు.

నాకు వెంటనే కుక్కరు గ్యాస్కెట్ గుర్తొచ్చింది. వేడికీ వయసుకీ గట్టిపడి, పగిలి, ఆవిరి వదిలేస్తుంది. అప్పుడు గ్యాస్కెట్ మారుస్తాం గానీ కుక్కరు పారేస్తామా? ఈ బుష్ కూడా అంతే. ఇనుముకీ ఇనుముకీ మధ్య అరచేతిలో పట్టే రబ్బరు ముక్క. గుంతల దెబ్బ మింగేదీ, చక్రం తన చోటు తప్పకుండా చూసేదీ అదే. అది పోతే చక్రం ముందుకీ వెనక్కీ కదిలి, బ్రేకు ఒక పక్కకి లాగుతుంది, టైరు వంకరగా అరుగుతుంది.

బాగుచేయించేటప్పుడు నేను నేర్చుకున్నవి చెప్తాను, మీకూ పనికొస్తాయి. బుష్‌లు ఒకవైపే కాకుండా రెండు వైపులా మార్చాలి, ఎందుకంటే రెండో వైపుదీ అదే వయసు. పాతవి సుత్తితో కొట్టి తీయిస్తే ఆర్మ్ దెబ్బతినొచ్చు, ప్రెస్ ఉన్న చోట నొక్కించాలి. రబ్బరు బుష్‌కి గ్రీజు రాయనివ్వకండి. అది జారేది కాదు, మెలితిరిగేది. గ్రీజు, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరి బిగింపు. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలితిరిగిపోయి అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. బాబాయ్ పైన వదులుగా పెట్టి, బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించారు. "బండి దించాకే బిగిస్తారా?" అని ముందే అడగండి. అడిగారంటే ఎదుటివాడు కాస్త జాగ్రత్తగా పనిచేస్తాడు. చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి.

మొత్తం లెక్క ఇదీ. నాలుగు బుష్‌లు 1,400, కూలి 1,600, అలైన్‌మెంట్ 400. కలిపి 3,400. పర్సులో ఉన్న 22,000 ఎస్టిమేట్ తీసి పక్కన పెట్టి చూసుకున్నాను.

నేను చెప్పేది ఆడవాళ్లందరూ మెకానిక్కులు కావాలని కాదు. "పాతది కదా" అన్నది జబ్బు పేరు కాదు అని. ఆ మాట విని మనం ఆగిపోతున్నాం. ఏది పోయింది, ఎక్కడ పోయింది, చూపించు అని అడగడం లేదు. వెనక సీట్లో కూర్చుని ఇదంతా విన్న అత్తయ్యగారు, "నా మోకాళ్లకీ ముందు వెళ్లిన డాక్టరు అదే అన్నాడే, వయసైపోయింది కదా అని" అన్నారు. ఫిజియోథెరపీ మొదలుపెట్టాక ఆవిడ మెట్లు దిగుతున్నారు.

అలాగని పాత కారుని పట్టుకు వేలాడమనీ అనను. అడుగు భాగం తుప్పుపట్టి తినేసినా, ఇంజను పని కారు ధరని దాటినా అమ్మేయడమే మేలు. చప్పుడుని పట్టించుకోకుండా తిరగడం అంతకంటే తప్పు. టక్కుమనేది ప్రతిసారీ బుష్షే కానక్కర్లేదు, బాల్ జాయింట్ కూడా కావచ్చు. అది ఊడితే నడుస్తున్న బండి చక్రం పక్కకి వాలిపోతుంది. పిల్లల్ని ఎక్కించుకునే బండి అది. అందుకే వినబడిన వారంలోనే చూపించాలి, ఎవరు నవ్వినా సరే.

15 ఏళ్లు నిండితే కారు చెత్తకే అన్నది కూడా మా మరిది మాటే గానీ మన దగ్గర రూలు కాదు. రవాణా శాఖ వాళ్లు బండి కండిషను చూసి, బాగుంటే సొంత కారుకి రిజిస్ట్రేషను మరో 5 ఏళ్లు పొడిగిస్తారు.

బాగుచేయించాక మావారిని పక్కన కూర్చోబెట్టుకుని మా వీధి స్పీడ్ బ్రేకర్లన్నీ దాటించాను. చప్పుడు లేదు. "ఏముంది, నాకు ముందూ వినబడలేదు, ఇప్పుడూ వినబడటం లేదు" అన్నారు. సెల్లార్లో రివర్స్ తీసి, బ్రేకు వేసి, ముందుకి కదిలాను. నిశ్శబ్దం. కాసేపాగి, "మరి ఆ 22,000 కాగితం ఏదీ, ఓసారి చూపించు" అన్నారు.

చూపించాను. రిజిస్ట్రేషను పొడిగింపు గడువు వచ్చే నెలలో ఉంది. కాగితాలు సిద్ధం చేసి పెట్టాను. సంతకం ఆయన చేస్తారు, బండి నేను తీసుకెళ్తాను.