ఉద్యోగం వస్తే నోరు కట్టేసుకోవాలా?



మనలో ఎవరికైనా ఉద్యోగం వస్తే ఇంట్లో పెద్దలు చెప్పే మొదటి మాట, "నోరు జాగ్రత్త బిడ్డా" అని. ఆ ఒక్క జీతం మీద ఇల్లంతా బతకాలి, వాళ్ల భయం మనకు తెలుసు. కానీ ఉద్యోగి నోరు మూసుకుంటే నష్టపోయేది ఎవరో కూడా ఆలోచించాలి కదా.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టర్ సుధాకర్ గారిని గుర్తు చేసుకుందాం. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, ఎన్‌95 మాస్కులు సరిపడా లేవని మీడియా ముందు అన్నారు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టేశారు. హైకోర్టు ఆ కేసును సీబీఐకి ఇచ్చింది. 2021 మేలో ఆయన చనిపోయారు. ఆయన ఆరోపణ నిజం కాదని ప్రభుత్వం అంది. సరే, కాకపోతే స్టాకు రిజిస్టర్ జనం ముందు పెడితే సరిపోయేది. చింతపల్లి వైపు నుంచి కొండ దిగి వచ్చే మనవాళ్లు వెళ్లేది ఆ ఆసుపత్రికే. ఆ మాస్కుల లెక్క మనకూ కావాల్సిందే.

చట్టం ఏమంటోంది? ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో 9వ నియమం ప్రభుత్వ విధానాన్ని, చర్యను విమర్శించొద్దంటుంది. అవినీతిని బయటపెట్టేవాళ్ల రక్షణకు 2014లో చట్టం చేశారు, దాన్ని ఇప్పటిదాకా అమల్లోకే తేలేదు.

రెగ్యులర్ ఉద్యోగికి కనీసం మెమో ఇస్తారు, విచారణ ఉంటుంది. మనవాళ్లలో ఎక్కువమంది చేసేది కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పనులు. "రేపటి నుంచి రావొద్దు" అంటే అయిపోయింది. మా హాస్టల్‌లో సరుకు తక్కువ వస్తోందని వంట చేసే అక్క మా చెవిలో చెబుతుంది, పైవాళ్ల ముందు మాత్రం అనలేదు. ఆమె నోరు మూయిస్తే ఖాళీ అయ్యేది మా కంచాలే.

అధికారిని బూతులు తిట్టడం, రోగి రహస్యాలు బయటపెట్టడం హక్కు అని మేము అనడం లేదు. మందులు లేవు, టీచర్ లేడు, బియ్యంలో పురుగులున్నాయి అని చెప్పడం తప్పు కాకూడదు అంటున్నాం. అది పనిలో భాగమే.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ అక్కలూ, ముందు కాగితం మీద రాసి ఇవ్వండి, ముద్ర వేయించుకుని కాపీ దగ్గర పెట్టుకోండి. ఒంటరిగా కాకుండా సంఘం ద్వారా అడగండి. మీ మీద చర్య తీసుకుంటే మేము, హాస్టల్ పిల్లలం, మీ వెంట ఐటీడీఏ ఆఫీసుకు వస్తాం. మీరు మాట్లాడేది మా కోసమే అయినప్పుడు మేము రూముల్లో కూర్చోవడం న్యాయం కాదు.

జై ఆదివాసీ.